అత్త పాటలో చెలమ

మొన్న కడపకు వెళుతూ పెన్న వంతెన మీద బస్సు ఆగినప్పుడు కిందికి చూస్తే, ఇసుక ఉండవలసిన చోట రాళ్లు తేలి కనిపించాయి. లారీలు తోడుకుపోగా మిగిలిన ఆ గుంటల్ని చూస్తుంటే మా మేనత్త, ఆమె కట్టిన పాట గుర్తుకొచ్చి మనసు బరువెక్కింది.

పందొమ్మిది వందల యాభైల నాటి మాట. నేను మా ఊరి మిషన్ బడిలో కొత్తగా చేరిన పంతులమ్మను. చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని మా ఇంట్లో ఉండిపోయిన అత్తకు అక్షరం రాదు గానీ, ఆదివారం విన్న బైబిలు వాక్యాన్ని సోమవారానికల్లా పాటగా కట్టేది. మందిరంలో మేం పాడే పాటల నిండా దేవదారు వృక్షాలూ ద్రాక్షావల్లులూ తెల్లని మంచూ ఉండేవి, వాటిని కళ్లారా చూసినవాళ్లు మాలో ఒక్కరూ లేరు. అత్త పాటల్లోనైతే దేవుని ప్రేమ తంగేడు పువ్వులా ఎండలోనే పూసేది, పాపం పల్లేరుకాయై పాదానికి గుచ్చుకునేది.

ఒక కరువు ఏడు, కోతకు వచ్చింది పెద్దగా ఏమీ లేకపోయినా మందిరంలో కోతపండుగ ఆపలేదు. దానికి అత్త కొత్త పాట కట్టి నాచేత రాయించింది. ‘ఎండిన ఏటిలో చెలమవు నీవయ్యా, నా దోసిటికి అందే లోతున ఉన్నావయ్యా’ అని మొదలయ్యేది. వేసవిలో ఏటి ఇసుకను చేతులతో తవ్వి, మెల్లగా ఊరే నీళ్ల కోసం కడవ పక్కన పెట్టుకుని కూర్చున్న మన తరం ఆడవాళ్లకు చెలమంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు.

కాగితం చూసిన మా పాస్టరు అయ్యగారు, గుంటలో నీళ్లతో దేవుణ్ణి పోల్చడమేమిటి, జీవనది అని మార్చమ్మా అన్నారు. బడి ఆయన చేతికిందే ఉండేది, నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. అత్తను ఒక్కమాటైనా అడగకుండా మార్చేశాను. నిజం చెప్పాలంటే భయం ఒక్కటే కాదు, నది అన్న మాట నాకూ గొప్పగా వినిపించింది.

పండుగనాడు అందరూ జీవనది అని ఎత్తుకోగానే, ముందు చాపమీద కూర్చున్న అత్త పెదవులు ఆగిపోయాయి. ఇంటికి వచ్చాక అడిగింది.

“ఏమ్మే, నది అని నేను యాడ చెప్పినా?”

అయ్యగారు మార్చమన్నారని నసిగాను.

“పెన్న పారేది నేను శానా తక్కువ చూసినా. చెలమ కాడైతే దినామూ మోకాళ్లూని తోడుకుంటాండా. నాకు తెలిసిన దేవుడు ఆడ ఉండాడు” అని పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

ఆ తర్వాతా పాటలు కట్టింది. నీళ్లకు పోతూ, శనక్కాయలు ఒలుస్తూ పాడుకునేది. నేను కాగితం తీసుకుని దగ్గరికి వెళితే మాత్రం ఆపేసేది. తప్పయిందత్తా అనడానికి నాకు నోరు రాలేదు, కొన్నేళ్లకు ఆమె పోయింది.

ఇప్పుడు ఇంటింటికీ కుళాయిలు వచ్చాయి, మందిరంలో పాటలు తెరమీద పడుతున్నాయి, మా మనవరాలికి చెలమంటే బొమ్మ గీసి చూపించాల్సి వచ్చింది. నోటితో కట్టుకుని నోటితోనే పాడుకున్న మన ఆడవాళ్ల పాటలు ఎన్ని వాళ్లతోనే పోయాయో. మధ్యాహ్నం వేళ ఊరికే కూర్చున్నప్పుడు అత్త గొంతు వినిపిస్తుంది, నన్ను రాసుకోనివ్వని ఆ పాటల రాగం కూడా తెలుస్తుంది. మాటలే గుర్తుకు రావు.