తడిగుడ్డతో చెరిపేసిన సున్నా

మా అపార్ట్‌మెంట్‌లో ఇప్పటికీ చెప్పుకునే కథ ఒకటుంది. ఖాజామియాకి చూపు మందగించి, గోడ కంతలో పావురం పిల్లలున్నాయని తెలియక, బయట ఇనప తీగల జాలీ బిగించేశాడని. కొత్తగా అద్దెకు దిగిన వాళ్లకు మొదటి వారంలోనే నీళ్ల ట్యాంకర్ నంబరుతో పాటు ఈ కథ కూడా అందుతుంది. చెప్పేవాళ్లు చివర్లో "పాపం, ముసలాడు" అని నాలుక చప్పరిస్తారు. వాళ్ల దగ్గరున్న దయంతా ఆ చప్పరింపుతో ఖర్చయిపోతుంది. లిఫ్టు వస్తుంది. ఎక్కి వెళ్లిపోతారు.

ఆ కథ అబద్ధం. అప్పటికి అతని చూపుకేమీ కాలేదు. చేసింది నేను.

ఏడేళ్లుగా ఈ మాట గొంతులో చేపముల్లులా ఉంది. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసిన మొహానికి చెప్పగలిగే మనిషినైతే ఏడేళ్లు పట్టేదా?

ముందు నా సంగతి. నాకు వాదించడం వచ్చు. నాకు బాగా వచ్చిన పని అదొక్కటే. కాలేజీలో వక్తృత్వ పోటీల్లో గెలిచిన కప్పుల్లో ఇప్పుడు మా ఇంట్లో దువ్వెనలు పెట్టుకుంటాం. మా ఆయన ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఇంజనీరు. పెళ్లయ్యాక కాకినాడ వైపు నుంచి ఇలా జహీరాబాద్ వచ్చిపడ్డాం. హైవేకి దగ్గర్లో నాలుగంతస్తుల బిల్డింగు, పదహారు ఇళ్లు, సగానికి పైగా ఫ్యాక్టరీ వాళ్లే. మాది రెండో అంతస్తు. అల్లం బస్తాల లారీలు, చెరకు ట్రాక్టర్లు, వీటి చప్పుడు మధ్య పావురాలు.

పావురాలంటే ఏవో పది కాదు. బట్టలు ఆరేస్తే వాటి మీద, స్కూటర్ సీట్ల మీద, ఆఖరికి అసోసియేషన్ ప్రెసిడెంటు చలపతిరావు గారి పట్టుపంచె మీద రెట్టలు. ఆ పంచె తర్వాతే మీటింగు పెట్టారు. అప్పటిదాకా అది సమస్య కాదు.

చలపతిరావు గారు ఫ్యాక్టరీలో రిటైరైన మనిషి. రిటైరైన సంగతి ఆయనకింకా ఎవరూ చెప్పలేదు. "ఒక రకం జిగురు దొరుకుతుందండీ, సజ్జల మీద పూస్తే కాళ్లంటుకుపోతాయి, రెండు రోజుల్లో పీడా విరగడ" అన్నారు. అందరూ తలలూపారు. నేను లేచాను. అరగంట మాట్లాడాను. కాళ్లంటుకున్న పావురాన్ని రెండు రోజులు ఎవరు చూస్తారు, మీరు చూస్తారా, మీ మనవరాలికి చూపిస్తారా అని అడిగాను. చంపకుండా, నొప్పి పుట్టకుండా తరిమే పద్ధతులున్నాయని చెప్పాను. గెలిచాను. ఆ సాయంత్రం చాలా బాగుంది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ సాయంత్రం నాకు పావురాలు గుర్తున్నాయా? లేవు. చలపతిరావు గారి మొహం గుర్తుంది.

ఖాజామియాని తీసుకొచ్చింది కూడా నేనే. ఒకప్పుడు సైకిల్ షాపు ఉండేదట అతనికి. సైకిళ్లు పోయాక, చక్రాల పుల్లలు బిగించిన చేత్తో బిల్డింగుల మీద తీగలు బిగించడం మొదలుపెట్టాడు. పిట్టగోడల మీద, సజ్జల అంచున, చిన్న మేకుల మధ్య సన్నటి స్టీలు తీగ, ఒక చివర స్ప్రింగు. పావురం వచ్చి వాలబోతే తీగ కిందికి జారుతుంది, కాలు నిలవదు, చిరాకుపడి ఎగిరిపోతుంది. అంతే. గీత కూడా పడదు దానికి. కింద నిలబడి చూసేవాళ్లకు తీగ ఉన్నట్టే తెలియదు. బిగించిన ప్రతి తీగనీ గోటితో మీటి, చెవి దగ్గరగా ఆనించి వినేవాడు. శబ్దం నచ్చకపోతే విప్పి మళ్లీ కట్టేవాడు.

ఊళ్లో బ్యాంకు వాళ్లు, ఫంక్షన్ హాలు వాళ్లు, మసీదు వాళ్లు, గుడి వాళ్లు, అందరూ అతన్నే పిలిచేవారు. పిట్టకు దెబ్బ తగలనివ్వడని పేరు. అతని చేతిలో ఉన్న ఆస్తి ఆ పేరే.

అతనికో నియమం ఉండేది. పని మొదలుపెట్టే ముందు ఒక రోజంతా ఎదురుగా టీ బండి దగ్గర కూర్చుని ఏ పక్షి ఎక్కడికి పోతోందో చూసేవాడు. తర్వాత నిచ్చెనెక్కి, గొడుగు పుల్లకు కట్టిన చిన్న అద్దంతో ప్రతి సందులోకీ తొంగిచూసేవాడు. పిల్లలున్న చోట పక్కన గోడ మీద సుద్దతో సున్నా చుట్టేవాడు. సున్నా ఉంటే ఆ చోటు ముట్టుకోకూడదు. పిల్లలు ఎగిరిపోయాక తనే వచ్చి, అద్దం పెట్టి చూసి, సున్నా తుడిచి, అప్పుడు మూసేవాడు.

మా బిల్డరు, ఆ మహానుభావుడు, పైపులు కనపడకూడదని వంటిళ్ల బయట సిమెంటు పెట్టెలు కట్టి, ఒక్కోదానికి జానెడు కంత వదిలేశాడు. పదహారు కంతలు. ఖాజామియా అక్కడక్కడ సున్నాలు చుట్టి, తుడిచి, పదిహేను మూశాడు. పదహారోది మాది. దాని పక్కన సున్నా.

"రెండు పిల్లలున్నయమ్మా. రెక్కలింక రాలే. ఇరవై దినాలు ఆగుండ్రి" అన్నాడు. సరేనన్నాను. సంతోషంగానే అన్నాను.

తర్వాతి ఆదివారం మీటింగులో చలపతిరావు గారు పని పూర్తయిందని ప్రకటిస్తూ, గొంతు సవరించుకుని, "ఒక్క ఇల్లు తప్ప. అహింస మీద ఉపన్యాసం ఇచ్చినావిడ వంటింటి పక్కనే పావురాల పురిటాసుపత్రి నడుస్తోంది. మందులూ అవీ కావాలంటే అసోసియేషన్ తరఫున ఇద్దామండీ" అన్నారు. పదిహేను ఇళ్ల వాళ్లూ నవ్వారు. మా ఆయన కూడా. చిన్నగానే, కానీ నవ్వారు.

నేను జవాబు చెప్పలేకపోయాను. నేను! చెప్పడానికి మాట లేక కాదు. "ఇరవై రోజులు ఆగండి" అంటే సరిపోయేది. కానీ అది గెలిచే మాట కాదు. ఆగమని అడుక్కునే మాట. నా నోటికి అలవాటు లేని మాట.

మర్నాడు పొద్దున, మా ఆయన డ్యూటీకి వెళ్లాక, వంటింటి కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి, గ్యాస్ పొయ్యి తుడిచే తడిగుడ్డతో ఆ సున్నా తుడిచేశాను. రెండు తుడుపులు. పిల్లలు లోపల సన్నగా కీచుమంటున్నాయి. విన్నాను. విననట్టు రాయొచ్చు ఇక్కడ, ఎవరికి తెలుస్తుంది? విన్నాను.

తర్వాత ఖాజామియాకి ఫోన్ చేసి, కంత ఖాళీ అయింది, వచ్చి మూసెయ్యమన్నాను. మధ్యాహ్నం వచ్చాడు. నిచ్చెనెక్కి గోడ వైపు కాసేపు చూశాడు. నేను కిటికీ లోపల, అతను బయట. మా మధ్య మూరెడు దూరం.

"అమ్మా, ఈడ నేను సున్న చుట్టినట్టు యాదికుందే."

"అది పై ఇంటికండీ. ఇక్కడ కాదు."

"గట్లనా? అద్దంల రెండు పిల్లలు అగుపడ్డయ్ గదా..."

"అవీ పై ఇంటివే. ఇక్కడివి పెద్దవి, ఎగిరిపోయాయి. రోజూ చూస్తూనే ఉన్నాను కదా నేను."

అతను సంచిలోంచి అద్దం సగం బయటికి తీశాడు. మళ్లీ లోపల పెట్టేశాడు.

"మీరు చెప్పినంక ఇగ అద్దమెందుకు తియ్. పిట్టల కోసం పంచాయితి పెట్టుకున్నోరు మీరు."

ఇక్కడ ఆగి మిమ్మల్ని ఒకటి అడగాలనిపిస్తుంది. ఇంతకంటే పెద్ద బిరుదు నాకెవరైనా ఇచ్చారా? దువ్వెనలు పెట్టుకునే ఆ కప్పుల్లో ఒక్కదాని మీదైనా ఇంత మాట ఉందా? పిల్లలు మనిషి అలికిడికి నోరు మూసుకున్నాయి. అతను జాలీ బిగించాడు. అలవాటుగా గోటితో మీటి చూసుకుని దిగిపోయాడు.

తల్లీ తండ్రీ సాయంత్రానికి వచ్చాయి. జాలీ మీద రెక్కలు కొట్టుకున్నాయి. కిటికీ మూశాను. మర్నాడూ కొట్టుకున్నాయి. మిక్సీ వేశాను. గ్రైండ్ చెయ్యడానికేమీ లేకపోయినా వేశాను. గోడలోంచి కీచుమనే శబ్దం రెండు రోజులు వినపడింది. మూడో రోజు లేదు.

సున్నా తుడవడం ఒక్క క్షణపు పాపం. దానికి ఏదో ఒక సాకు దొరుకుతుంది, కోపం, అవమానం. ఆ రెండు రోజులకేం సాకు ఉంది? ఒక్క ఫోను చేస్తే పావుగంటలో వచ్చి విప్పేవాడు. చెయ్యలేదు. విప్పమంటే ఎందుకని అడుగుతాడు. ఎందుకో చెప్పడం కంటే అవి చచ్చిపోవడమే నాకు సులువైంది. చలపతిరావు గారి జిగురుకీ నాకూ తేడా ఏముంది? ఆయనకి కనీసం పైకి చెప్పే దమ్ముంది.

తర్వాత వాసన. చీమల బారు. చలపతిరావు గారు ఎవరినో పిలిపించి జాలీ ఊడదీయించారు. అప్పటికే కాస్త ఈకలొచ్చిన రెండు పిల్లలు. ఖాజామియాని కింద పార్కింగులో నిలబెట్టారు. చుట్టూ మా వాళ్లంతా. ఎన్నడూ ఒక గింజ వెయ్యని చేతులు నోళ్లకడ్డం పెట్టుకుని "అయ్యో" అంటున్నారు.

"కళ్లు కనపడనప్పుడు నిచ్చెనెక్కడం ఎందుకయ్యా?" అన్నారు ప్రెసిడెంటు గారు.

ఖాజామియా నా వైపు ఒకసారి చూశాడు. ఒక్కసారే. ఆ చూపులో ఏముందో చదవడానికి నేను ఆ క్షణాన తలెత్తి ఉండాలి. సగమే ఎత్తాను.

"గలతీ నాదే సార్. కండ్లు సక్కగ పనిచేస్తలేవు. యాది గూడ తప్పుతున్నది" అన్నాడు.

నిచ్చెన భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. నేను మాట్లాడలేదు. జిగురు మీద అరగంట మాట్లాడినదాన్ని.

కథ ఊరంతా పాకింది. చలపతిరావు గారు ఆ పనికే జీతం తీసుకుంటున్నట్టు పాకించారు. పిలిచేవాళ్లు మానేశారో, అతనే మానుకున్నాడో, ఆ తర్వాత ఖాజామియా ఏ గోడ మీదా కనపడలేదు. మా సజ్జల మీద తీగలు మాత్రం ఇప్పటికీ వదులు కాలేదు. పావురాలు వస్తాయి, కాలు నిలవక పోతాయి. గేటు దగ్గర నిలబడి "మా బిల్డింగులో ఒక్క పక్షికీ హాని చెయ్యమండీ" అని ప్రెసిడెంటు గారు చుట్టాలకు చూపిస్తుంటారు.

పోయిన చలికాలం కోహీర్ మీదుగా వస్తూ మా ఆయన జామపళ్లకని కారు ఆపారు. రోడ్డు పక్కన బుట్ట ముందు ఖాజామియా. మందపాటి కళ్లజోడు. నన్ను గుర్తుపట్టాడు. "మంచిగున్నరా అమ్మా?" అన్నాడు. పళ్లు ఒక్కోటి చేత్తో తడిమి తూకంలో వేస్తూ, "జర మీరే చూసుకోండ్రి. మచ్చలుంటే తీసి పక్కకు పెట్టుండ్రి. నాకు సక్కగ అగుపడది" అన్నాడు.

మచ్చలు చూశాను. తీసి పక్కన పెట్టాను. కారెక్కాను. జహీరాబాద్ దాకా మా ఆయన జామపళ్ల రుచి గురించి మాట్లాడుతూనే ఉన్నారు.

రాసేశాను. ఊపిరి కొంచెం బాగా ఆడుతోంది. అలా ఆడే హక్కు నాకుందని అనుకోవడం లేదు. మీరు క్షమిస్తానన్నా నాకక్కర్లేదు, అది మీరిచ్చేది కాదు. కోహీర్ అరగంట దూరం. వెళ్లి నిజం చెప్పడానికి ఒక్క ప్రశ్న అడ్డొస్తోంది. నాది అబద్ధమని తెలిసే అతను నన్ను కాపాడి ఉంటే, నేను తలవంచుకుని బతకొచ్చు. కానీ నా మాట నమ్మి తన కళ్లనే తప్పుపట్టుకుని, ఆ కళ్లజోడు, ఆ తడుముకోవడం, అన్నీ నా మాట మీదే మొదలై ఉంటే?

ఖాజామియా, ఆ సున్నా నీ చేత్తోనే చుట్టావని నీకు గుర్తుందా, లేదా?