పడుగు ఆరేదాకా

ఆదోనిలో మా ఇంటి ముందు ఇస్త్రీ బండి ఒకటుంది. గంజి పెట్టిన చీర మీద పెట్టె ఆనించగానే లేచే వాసన నాకు పడదు, తలుపు వేసేస్తాను. చెడ్డ వాసనేమీ కాదు. పొద్దున్నే పాత జ్ఞాపకాలన్నీ నెత్తికెత్తుకునే ఓపిక ఈ వయసులో నాకెక్కడిది?

మాది ఎమ్మిగనూరులో నేతగాళ్ళ వీధి. జొన్నగంజి కాగే వాసన, తడి నూలు వాసన, మూలనున్న హోటల్లో బొరుగుల ఉగ్గానికి తాలింపు వేసే వాసన కలిసి, కళ్ళకంటే ముందు ముక్కుకు తెల్లారేది. వీధి పొడుగునా గుంజలు పాతి, చీరకు నిలువుగా పోవాల్సిన పోగులన్నీ సాగదీసి కట్టి, కుంచెతో గంజి పట్టించి ఆరబెట్టేవాళ్ళు. అదే పడుగు. అది ఆరేదాకా వీధి దానిదే. ఎద్దులబండ్లు ఆగిపోయేవి, సైకిళ్ళవాళ్ళు దిగి పక్కనుంచి నడిపించుకుపోయేవాళ్ళు, ఆఖరికి పాడె కూడా వెనక సందులోంచి తిరిగిపోయేది. మేం పిల్లలం మాత్రం దాని కింద దూరి దాగుడుమూతలాడి, అవ్వల చేత వీపు మీద దెబ్బలు తినేవాళ్ళం.

యుద్ధం గెలిచిన మరుసటి ఏడు మా నాన్న పాత ట్రాన్సిస్టరు ఒకటి తెచ్చి మగ్గం పక్కన మేకుకు తగిలించాడు. వార్తలొస్తే మగ్గం ఆపి వినేవాడు. ఎక్కడ ఆనకట్ట కట్టినా, ఏ ఊరికి కరెంటు వచ్చినా తానే చేసినంత సంబరం ఆయనకు. "మన గౌర్మెంటు" అనేవాడు, మన మేనమామ అన్నంత చనువుగా.

ఆ శ్రావణంలో ముసురు పట్టి పడుగు వేసే వీల్లేకపోయింది. ఉరుకుంద ఈరన్న తిరునాళ్ళకు చీరలు అందకపోతే మాకు ఆ ఏడు గడవదు. చివరికి ఆగస్టు పదిహేను పొద్దున ఎండ మొహం చూపించింది. నాన్న పడుగు వేయడానికి గుంజలు బయటికి తీశాడు.

"ఈపొద్దు వద్దులే, పెద్దోళ్ళ జీపులొస్తాయంట" అంది అమ్మ.

"పాడే సుట్టు తిరిగి పోతాది, మన గౌర్మెంటు జీపు ఆగదా?" అని నవ్వాడు నాన్న.

నేను బడి ఊరేగింపులో ఉన్నాను. గుండెకు కాగితపు జెండా, గొంతు పోయేలా జై కొడుతున్నాను. మా ముందు పోతున్న జీపు మా వీధిలోకి తిరిగి, నాన్న వేసిన పడుగు దగ్గర ఆగింది. బంట్రోతు దిగి "తీయప్పా" అన్నాడు.

"పచ్చిగుండాది సామీ. ఇప్పుడు సుడితే పోగులు అంటుకపోతాయి. రవ్వంత సేపు ఆగండి" అన్నాడు నాన్న.

"నీకోసం ఆగాల్నా? వాళ్ళేమన్నా నీ సుట్టాలా?"

బంట్రోతే వెళ్ళి గుంజకున్న తాడు విప్పేశాడు. తెల్లటి పడుగంతా బురదలో పడింది. జీపు దాని మీదుగా పోయింది. దాని ముందు కట్టిన జెండా కనబడగానే అలవాటు కొద్దీ నాన్న చెయ్యి లేచింది, కుంచె పట్టుకున్న చెయ్యి. నుదుటి దాకా పోకుండానే దిగిపోయింది. వెనకాల మా వరుస నడవాలి కదా, మేమూ తొక్కుకుంటూ పోయాం. అరికాళ్ళకు గంజి అంటుకుంది. అయ్యవారు "గట్టిగా!" అంటే జై అన్నాం. నాకు ఏడుపొస్తోంది, అయినా అన్నాను.

అమ్మ ఆ పోగులు విడదీయబోయి, విడదీయబోయి వదిలేసింది. తిరునాళ్ళ మా చీరలు లేకుండానే అయిపోయింది. కొన్నాళ్ళకు మిల్లు బట్టల ముందు మగ్గం నిలవలేక, నాన్న ఆదోనిలో పత్తి మిల్లులో బేళ్ళు మోసే పనికి చేరాడు. ఆ రోజు సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. ఏ గవర్నమెంటునూ మనది అనగా నేను మళ్ళీ వినలేదు.

మొన్న పెళ్ళికి పోయి మా వీధి చూశాను. సిమెంటు రోడ్డు బాగానే వేశారు. ఇళ్ళల్లో కాళ్ళు దించి నేసే మగ్గాల గుంతలు పూడ్చి బండలు పరిచారు, నూలు అమ్మిన చోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. నేనెక్కిన ఆటో ఆ చివర నుంచి ఈ చివర దాకా ఎక్కడా ఆగకుండా వచ్చేసింది. ఎవరైనా అడ్డం నిలబడి ఆపితే బాగుండుననిపించింది.