వెలగని పలక

కొన్నేళ్లుగా ఒక చిన్న రాతి బిళ్ల నా ఛాతీ మీద ఉంది. రూపాయి బిళ్ల కన్నా కాస్త పెద్దది. దాని బరువెంతో నాకు తెలుసు, కొలిచి తయారుచేసింది నేనే. ఇంత బరువెక్కుతుందని మాత్రం అప్పుడు లెక్క వేయలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు, నా పేరు మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో నాకొక పిచ్చి ఉండేది. ఇంట్లో వాడే వస్తువులను కొత్తగా ఊహించి గీయడం, నమూనా చేసి వీడియో తీసి నెట్‌లో పెట్టడం. పప్పు ఎంత ఉడికిందో మూత మీదే చూపే కుక్కర్. నీళ్లు అడుగంటుతుంటే రంగు మారే కుండ. తలుపు వేశామో లేదో గుర్తుచేసే తాళంచెవి. అవి పనిచేయాలని ఎవరూ అడగరు. ఇలాంటిది ఉంటే బాగుండు అనిపిస్తే చాలు. ఆ వరసలో చివరిది, పలక. పలకలకు పేరుపడ్డ మార్కాపురం వాణ్ణి కదా, పలకరాయితోనే చేశాను. మణికట్టుకు కట్టుకునే నల్లటి బిళ్ల. ఎక్కడో ఉన్న ఫోన్ మోగితే దాని అంచు వెలుగుతుంది. చెవులు వినపడని వాళ్ల కోసం.

మా పక్కింటి పెదనాయన కోసమని కూడా చెప్పుకున్నాను. రక్తసంబంధం లేదు, పిలుపు అంతే. పలకల ఫ్యాక్టరీలో రాయి కోసే యంత్రం పక్కన బతుకంతా నిలబడి చెవులు పోగొట్టుకున్నాడు. ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుంటే మాట వినపడేది, మోగడం వినపడేది కాదు. చదువు రాదు, తెర మీద ఏముందో తెలియదు. భార్య పోయింది. ఒక్కతే కూతురు, నాకు అక్క. ఆయనకు ఇష్టం లేని పెళ్లి చేసుకుని గిద్దలూరు వెళ్లిపోయింది. పని మానేశాక ఆయనకు ఫోన్ చేసేవాళ్లెవరూ లేరు. అయినా ఆ ఫోన్‌ను బనియన్ జేబులోనే పెట్టుకునేవాడు. వణికితే తెలుస్తుందని.

వీడియో తీసిన రోజు పలకను ఆయన చేతికి కట్టి, ఫోన్ తీసి గోడ గూట్లో పెట్టించాను.

“ఏందిరా ఇది? గడియారమంటే ముళ్లు లేవు. కంకణమంటే పెండ్లి లేదు.”

“ఫోన్ వస్తే వెలుగుతాది పెదనాయనా, చూడు!” చెవి దగ్గర అరిచాను.

నా ఫోన్ నుంచి కాల్ చేశాను. చేయి పట్టుకున్నట్టు పట్టుకుని, పట్టీ కింద దాచిన మీట నొక్కాను. అంచు వెలిగింది. వాకిట్లో చేరిన వీధివాళ్లు చప్పట్లు కొట్టారు. ఆయన గూటి దగ్గరికి పోయి ఫోన్ తడిమి చూసి వచ్చాడు. నిజంగానే మోగుతోంది.

“మీ అక్క చేసినా వెలుగుతాదా?”

“ఎవరు చేసినా వెలుగుతాది.”

“నేనైతే చెయ్యనురా. అది చేస్తే మాత్రం ఎత్తుతా. ఇది నా చేతికే ఉండనీ.”

లోపల ఉన్నవి: గుండీ బ్యాటరీ, చిన్న ఎల్‌ఈడీ, మీట, కొంచెం జిగురు. ఫోన్‌తో మాట్లాడగలిగేది ఏదీ లేదు. ఇది ఉత్త బొమ్మ పెదనాయనా అని ఒక్క మాట చాలు. వచ్చే సెలవుల్లో అసలు సర్క్యూట్ పెట్టి ఇద్దామనుకున్నాను. నిజంగా అనుకున్నానా? లేక ఇప్పుడు అలా అనుకుంటున్నానా?

హాస్టల్‌కు వెళ్లిపోయాను. ఆ వీడియో చాలామంది చూశారు. దాన్ని చూపించి ఉద్యోగం తెచ్చుకున్నాను. ఒకసారి ఫోన్‌లో మా అమ్మ అంది: “పెదనాయన ఇప్పుడు ఫోను గూట్లోనే పెడతాండాడురా. సాయంత్రమైతే అరుగు మీద కూచోని నీ బిళ్లనే చూసుకుంటాండాడు. దుమ్ము పట్టి వెలుగు కనపడలేదేమోనని తువ్వాలతో తుడుస్తాండాడు.” అప్పుడైనా చెప్పాల్సింది. ఆయనకే ఫోన్ చేద్దామంటే వెలగదు. అమ్మకు చెప్పొచ్చు. పని ఉందని పెట్టేశాను.

ఆ చలికాలం దగ్గుతోనే పోయాడు. ఫ్యాక్టరీలో ఏళ్లతరబడి పీల్చిన పలక దుమ్ము.

అంతా అయ్యాక, కబురు విని వచ్చిన అక్క గూట్లోని ఫోన్ తీసింది. తెర మీద తన నంబరే, కిందికి జరిపే కొద్దీ తన నంబరే.

“సూడరా, ఎన్నిసార్లు చేసినానో. ఒక్కసారన్నా ఎత్తితే పరిగెత్తుకోని వద్దామనుకుంటి. అంత కోపమారా నాయనకు?”

“వినపడలేదేమో అక్కా.”

“నీ పలక ఉండె గదరా చేతికి. వీధంతా చెప్పినారు, ఎవరు చేసినా వెలుగుతాదంట. చూసి కూడా ఎత్తలే.” ఆ బిళ్లను నా చేతిలో పెట్టింది. “తీసుకో. ఇంకెవరికన్నా పనికొస్తాది.”

తీసుకున్నాను. మాట్లాడలేదు. మొదటి అబద్ధానికి తెలివితక్కువతనం, వయసు, చప్పట్లు అని ఏవో కారణాలు రాసుకోగలను. ఈ మౌనానికి ఏం రాసుకోను? తండ్రి తనను వద్దనుకునే పోయాడని నమ్ముతూ ఆమె బతుకుతోంది. ఆ నమ్మకానికి సాక్ష్యం నేను చేసిన వస్తువు.

ఈ మాటలు ముందు అక్కకు చెప్పాలి. మీకు చెబుతున్నాను. ఇదీ పిరికితనమేనని తెలుసు.

ఆ పలకలో ఏమీ లేదు. అక్క ఫోన్ చేసింది. పెదనాయన ఎదురుచూశాడు.

ఈ మూడింటినీ ఒకదాని పక్కన ఒకటి పెట్టడం ఇన్నేళ్లూ నాకు చేతకాలేదు. ఇప్పుడు పెట్టాను. ఊపిరి కాస్త ఆడుతోంది. ఆ కాస్తకైనా నేను తగినవాణ్ణో కాదో తెలియదు.