బిట్రగుంట నుంచి మైపాడుకు ఒక కిటికీ

గోడ మీది బొమ్మను ఒక ఇంటి నుంచి ఇంకొక ఇంటికి తీసుకుపోవచ్చునా అని ఈ మధ్య చాలామంది నన్ను అడుగుతున్నారు. నేను నోటితో చెప్పిన జవాబు ఊరూరికీ మారిపోయి, గోడను గోడగానే కోసి రైలెక్కించానని కోవూరులో చెప్పుకుంటున్నారట. అందుకని జరిగింది జరిగినట్టు రాసి పెడుతున్నాను. రేపు ఎవరైనా ఇలాంటి పని ఒప్పుకుని ఇదే దారిన బయలుదేరితే, నేను పడిన అవస్థలో సగమైనా వాళ్ళకు తప్పుతుంది.

నేను నెల్లూరులో ఇళ్ళకు రంగుల పని చేస్తాను. పెళ్ళిళ్ళకు హాలు గోడల కింది భాగాన పాలరాయి చారలు తీయడం, అంచు వెంట లతలు వేయడం, చవక తలుపులను టేకు తలుపుల్లా కనబడేట్టు చేయడం నా వృత్తి. బడిలో ఐదో తరగతి దాటలేదు. మిగతా చదువంతా మా పేట గ్రంథాలయంలోనే. సాయంత్రం చేతుల రంగు కిరసనాయిలుతో కడుక్కుని అక్కడ కూర్చుంటే దీపాలు ఆర్పేదాకా లేవను. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకాలు కూడా కూడబలుక్కుంటాను. పరదేశాల్లో పాత చర్చీల గోడల మీది చిత్రాలకు గుడ్డ అంటించి, రంగును పొరగా ఊడదీస్తారని అట్లా ఒక పుస్తకంలో చదివాను. చదివి ఊరుకోలేదు, కనబడ్డవాళ్ళకల్లా చెప్పాను. ఆ మాట రూతమ్మగారి చెవిన పడింది.

రూతమ్మగారి భర్త దావీదుగారు బిట్రగుంట రైల్వే షెడ్డులో రైలు పెట్టెలకు రంగులు వేసేవారు. ఆయన పోయాక ఆమె క్వార్టరు ఖాళీ చేసి, మైపాడులో తమ్ముడు దేవదానం ఇంటికి చేరుతున్నది. ఆ క్వార్టరు పడకగదికి కిటికీ లేదు. సముద్రం పక్కన పుట్టి పెరిగిన పిల్ల పెళ్ళయి వచ్చిన కొత్తలో గాలాడటం లేదని ఏడిస్తే, దావీదుగారు గోడ మీద కిటికీ బొమ్మ వేశారట. రెక్కలు రెండూ గోడకు ఆనేదాకా బార్లా తెరిచిన కిటికీ, మధ్యలో సముద్రం.

"సామానంతా బండిలో పోతాది తమ్ముడా. ఆ కిటికీ ఒక్కటి నువ్వు తెచ్చియ్యాల. సోమవారం సున్నం కొట్టేవాళ్ళు వస్తారు. దానిమీద సున్నం పడిందంటే ఆయన చేతి పని ఇంక యాడా ఉండదు" అన్నది.

"తెస్తానక్కా" అన్నాను. పుస్తకంలో చదివిందాన్ని చేతితో చేసే అవకాశం వచ్చిందని లోపల సంబరంగా కూడా ఉంది.

శనివారం పొద్దున ఆరున్నర పాసింజరుకు మూడో తరగతిలో ఎక్కాను. చంకలో మల్లు గుడ్డ తాను, కాళ్ళ దగ్గర మైదా సంచి, పెద్ద గిన్నె, గరిటె. ఎండలు ముదిరిన రోజులు. పెన్నలో ఇసక తప్ప ఏమీ లేదు. ఎదుటి బల్ల మీద పడుగుపాడులో దిగే రైతు ఒకాయన నా సామాను కేసి చాలాసేపు చూశాడు.

"ఏమన్నా, పెళ్ళి వంటకా?"

"కాదు, గోడకు."

"గోడకు మైదా తినిపిస్తావా? కలికాలం!" అని దిగిపోయాడు.

బిట్రగుంటలో దిగేసరికి ఎనిమిది దాటింది. స్టేషను హోటల్లో రెండు ఇడ్లీలు తిని కాలనీకి నడిచాను. అక్కడ బొగ్గు పొడి పడని చోటు లేదు. చొక్కా కాలరు పది నిమిషాల్లో నల్లబడింది. రూతమ్మగారు ముందురోజే బండి వెంట వెళ్ళిపోయింది. తాళం పక్క క్వార్టరులో ఇంజనుకు బొగ్గు వేసే ఫైర్‌మన్ ప్రకాశం దగ్గర ఉంది. డ్యూటీ దిగి పడుకోబోతున్నవాడు కళ్ళు నులుముకుంటూ వచ్చి తలుపు తీశాడు.

ఖాళీ గదిలో ఆ కిటికీని చూసి కాసేపు గిన్నె కింద పెట్టడం కూడా మరిచాను. రెక్కల మీద టేకు చారలు తడి రంగు మీద దువ్వెనతో తీసినవి. రైలు పెట్టెల లోపల చేసే పని అది. రెక్కలను చట్రానికి కలిపే బందులు, మేకుల తలలు, గొళ్ళెం, గొళ్ళెం కింద పడే సన్నటి నీడ. మధ్యలో సముద్రం మాత్రం ఇంకెవరో వేసినట్టు ఉంది, పిల్లలు వేసే సముద్రంలా అలలన్నీ ఒకే ఎత్తున.

కుంకుడు నురుగుతో రెక్కల మీది మసి తుడిచాను. అడుగున ఒక మూల చిన్న గుడ్డముక్క అంటించి, ఎండనిచ్చి లాగి చూశాను. చక్కగా వచ్చింది. ఏటేటా కొట్టిన సున్నం పొరల మీద వేసిన నూనె రంగు అది. సున్నం పట్టు వదిలేస్తుంది, రంగు గుడ్డతో వచ్చేస్తుంది. పుస్తకం నిజమే చెప్పిందనుకున్నాను. మైదా జిగురు కాచి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపి, కిటికీ మొత్తానికీ గుడ్డ అంటించేసరికి మధ్యాహ్నం రెండయింది. ఆ మూల పరీక్ష చేసింది గోధుమ రంగు మీద మాత్రమే. నీలం మీద చేయలేదు. ఈ పనికి పూనుకునేవాళ్ళు ప్రతి రంగునూ విడివిడిగా పరీక్షించండి. నేను రాసే సలహాల్లో ముఖ్యమైనది ఇదే.

ఆదివారం పొద్దున ప్రకాశం చర్చికి పోకుండా నాకు సాయం నిలబడ్డాడు. ఎడమ రెక్క పైనుంచి కిందికి చర్మం ఒలిచినట్టు వచ్చింది. కుడి రెక్కా అంతే. చుట్టూ ఉన్న చట్రం ముక్కలై రాలింది, అది తర్వాత గీసుకోవచ్చు. మధ్య గుడ్డ లాగితే పొర రాలేదు. గుడ్డకు నీలి మరక, గోడకు తెల్లటి మచ్చలు. అంతే.

ప్రకాశం గుడ్డ వంక, గోడ వంక చూశాడు.

"అన్నా, సముద్రమేది?"

నేను గుడ్డను తిరగేసి చూశాను.

"ఆ పుస్తకం ఇంకోసారి చదువుకో" అన్నాడు. తర్వాత నా మొహం చూసి, లోపలికి పోయి తన మంచం పలకలు రెండు ఊడదీసి తెచ్చిచ్చాడు. రెండు రెక్కలనూ వాటి మధ్య ముడత పడకుండా పరిచి తాళ్ళతో కట్టాం.

పదకొండున్నరకు రావలసిన పాసింజరు ఒంటిగంట దాటాక వచ్చింది. పెట్టెలో నిలబడడానికి కూడా చోటు లేదు. పలకలను రొమ్ముకు ఆనించుకుని తలుపు పక్కన నిలబడ్డాను.

"ఏందది?" అన్నాడు ఒకడు.

"కిటికీ."

"కిటికీ అయితే ఊచలేవి?"

పలకలను ఇంకా దగ్గరికి లాక్కున్నాను. దారి పొడవునా ఒకటే ఆలోచన, ఆమెకు ఏమని చెప్పాలి? నెల్లూరులో దిగి, టీ నీళ్ళు తాగి, మూడున్నర మైపాడు బస్సు పట్టుకున్నాను. కండక్టరు మస్తానయ్య పలకలను టాపు మీద వేయమన్నాడు. ఎండకు జిగురు పెళుసెక్కుతుందని బతిమాలాను.

"మనిషికి టికెట్టు, కిటికీకి లగేజీ. మళ్ళీ కిటికీ పక్క సీటు కావాలంటే ఒప్పుకోను" అని నవ్వి లోపల పెట్టుకోనిచ్చాడు.

నా కష్టం అంతటితో తీరలేదు. చేపలమ్మి తిరిగిపోయే ఒక ఆమె తన గంప తెచ్చి సరిగ్గా పలకల మీద దించింది. అడుగు నుంచి నీళ్ళు కారుతున్నాయి. నీళ్ళు తగిలితే గుడ్డ వదులై రెక్కలు కూడా పోతాయి.

"అమ్మా, గంప తియ్యి. నీళ్ళు తగలకూడదు."

"చేపల గంపలో నీళ్ళుగాక పన్నీరు కారుతుందా? ఏముండాది దాంట్లో?"

"చచ్చిపోయినాయన వేసిన బొమ్మ. ఆయన భార్యకు ఇయ్యాల."

ఆమె వెంటనే గంప ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. ఊరొచ్చేదాకా ఆ నీళ్ళన్నీ ఆమె చీరమీదే కారాయి. పేరు అడుగుదామనుకునేలోపల దిగిపోయింది.

మైపాడు చేరేసరికి ఐదు దాటింది. దేవదానం ఇల్లు సరుగుడు తోట పక్కన ఉంది. సరుగుడు కట్టెల వ్యాపారం అతనిది. రూతమ్మగారు వాకిట్లోకి ఎదురొచ్చింది. నేను కూర్చోలేదు.

"అక్కా, రెక్కలు వచ్చినాయి. సముద్రం రాలేదు."

"రాలేదంటే?"

"నీళ్ళకు కరిగిపోయింది."

ఆమె పలకల వంక చూసింది. "అంత పుస్తకం చదివినావే" అని లోపలికి పోయింది.

దేవదానం మధ్యలో కల్పించుకుని, "దానికేముండాదక్కా? సముద్రం కావాలంటే ఎదురుంగానే ఉండాదిగదా, ఎంత కావాలంటే అంత!" అన్నాడు.

"నోరు మూసుకోరా" అని లోపలి నుంచి వినబడింది.

అతని భార్య సువార్తమ్మ అన్నం పెట్టింది. మాగాయి, చేపల పులుసు. రుచి తెలియలేదు. చేతులు కడుక్కునేటప్పుడు రూతమ్మగారే వచ్చి నీళ్ళు పోసింది.

"షెడ్డులో నీలం రంగు ఉండేది కాదు. ఎరుపు, గోధుమరంగు, అంతే. ఆయన రెక్కలు వేసి ఊరుకున్నాడు. గుడ్డలకు పెట్టే నీలిమందు గంజిలో కలిపి సముద్రం వేసింది నేను. నువ్వు అడగలా, నేను చెప్పలా."

గంజిలో కలిపింది నీళ్ళకు నిలవదు. ముందే అడిగి ఉంటే మూడు మాటల్లో తెలిసిపోయేది. "నూనె రంగుతో మళ్ళీ వేసిస్తానక్కా" అన్నాను.

"నువ్వు వేసింది నాకెందుకు?" అన్నది, కోపం లేకుండానే.

సోమవారం పొద్దున గోడలన్నీ తట్టి చూశాను. సముద్రం వైపు గోడ ఉప్పు చెమర్చి చేతికి తడిగా తగిలింది. లోపలి గోడ పొడిగా ఉంది. దేవదానం ఒక రెక్క, నేను ఒక రెక్క పట్టుకుని, మధ్యలో సముద్రానికి చోటు వదిలి గోడకు ఆనించాం. రూతమ్మగారు గుమ్మంలో నిలబడి చూస్తున్నది. మధ్యలో బోసి గోడ.

"ఆ తెల్లదనం చూడలేను. మూసెయ్" అన్నది.

"ఏం మూయాలక్కా?"

"కిటికీ ఎట్టా మూస్తారు? రెక్కలు దగ్గరికి జరపండి."

జరిపాం. పలుచని గుడ్డలోంచి బందుల నల్లటి గుర్తులు కనబడుతున్నాయి. దేవదానం వెనక్కి తల వంచి చూసి, "మేస్త్రీ, బందులు నడిమధ్యన, గొళ్ళెం ఆ చివర. ఏ వడ్రంగోడు చేసినాడయ్యా ఈ కిటికీ?" అన్నాడు.

నిజమే. కుడి రెక్కను ఎడమకూ, ఎడమ రెక్కను కుడికీ మార్చాం. బందులు అంచులకు పోయాయి, గొళ్ళెం మధ్యకు వచ్చింది. రెండు రెక్కలూ పైనుంచి కిందిదాకా గోరు దూరేంత సందు కూడా లేకుండా కలిశాయి.

సఫేదా అనే తెల్ల సీసం పొడిని అవిసె నూనెలో నూరి గోడకు పట్టించి రెక్కలు అతికించాం. మర్నాడు గోరువెచ్చని నీళ్ళతో తడిపి గుడ్డ మెల్లగా లాగాను. టేకు చారలు ఒక్కటి చెదరలేదు. చుట్టూ చట్రం గీశాను. నా చారలు ఆయన చారల పక్కన కొంచెం మొద్దుగానే ఉన్నాయి. రూతమ్మగారు గొళ్ళెం మీద వేలు పెట్టి, దాని నీడ వెంట కిందికి జరిపింది.

"ఈ ఊళ్ళో గాలి జాస్తి. మూసుకోనుంటేనే మేలు" అని, తన చాప తెచ్చి ఆ గోడ పక్కన పరుచుకుంది.

బుధవారం మొదటి బస్సులో తిరుగుముఖం పట్టాను. భుజాలు లాగుతున్నాయి, కళ్ళు మండుతున్నాయి. దారంతా వరి కోసిన పొలాలు. గోడ మీది బొమ్మ ప్రయాణం చేయగలదని నాకు తెలిసింది. అంతా రాదు, వచ్చినంత మేరకే వస్తుందనీ తెలిసింది. ఇంకొకసారి చేస్తావా అంటే, ముందు నిద్రపోనివ్వండి అంటాను.

మంచం పలకలిచ్చి నేల మీద పడుకున్న ప్రకాశానికి, లోపల చోటిచ్చిన మస్తానయ్యకు, పేరు తెలియని ఆ చేపల ఆమెకు, అన్నం పెట్టిన సువార్తమ్మగారికి, బందులు చూసిపెట్టిన దేవదానానికి, నా తప్పును సగం తన మీద వేసుకున్న రూతమ్మగారికి నా కృతజ్ఞతలు. నేను ఎన్నడూ చూడని దావీదుగారికి కూడా. ఎప్పటికీ మూయవలసిన పని లేని కిటికీకి రెండు రెక్కలనూ సరిగ్గా సగం సగం కొలిచి వేశాడు ఆ మనిషి.