నవ్వు తాడు చూపించిన బాబాయి

మా సందులో చివరింటి బాబాయి పోయాడు. పొద్దున కొట్లో ఒక మిక్సీ విప్పుకుని కూర్చున్నాను. గుంటూరు ఆసుపత్రి నుంచి పిన్ని ఫోన్ చేసింది. "పోయాడ్రా" అంది. అంతే. తర్వాత ఆ ఫోన్లో నర్సు ఎవరినో పిలుస్తున్న మాట వినపడింది.

ఏడుపు రావాల్సిన చోట నాకు భయం వచ్చింది. ఎందుకంటే ఆయన మూతి వంకర పోయినప్పుడు ఎదురుగా ఉన్నది నేనొక్కణ్ణే. అది చూసి నేను నవ్వాను. పిన్నికి ఆ సంగతి తెలియదు. పైగా చూడ్డానికి వచ్చినవాళ్ళందరితో, "వీడు క్షణం ఆలస్యం చెయ్యలేదమ్మా, వెంటనే తీసుకొచ్చాడు" అని నన్ను చూపించి మరీ చెప్పేది. ఆమె అలా అన్నప్పుడల్లా నేను ఎవరో ఒకరి వెనక్కి జరిగి నిలబడేవాణ్ణి.

బాబాయి అంటున్నానే గానీ చుట్టరికం ఏమీ లేదు. రిటైరయ్యాక మా నరసరావుపేట వచ్చి, సందు చివర రెండు గదుల ఇల్లు కొనుక్కున్నాడు. చదివింది ఏడో తరగతి. నేను పది తప్పినవాణ్ణి కాబట్టి ఆయనకన్నా మూడేళ్ళు ఎక్కువే చదివాను. కానీ ఆయన చేసిన ఉద్యోగం వేరు. ఒక మెడికల్ కాలేజీలో, డాక్టరు చదువుకొచ్చిన పిల్లలు శవాల్ని కోసి నేర్చుకునే హాల్లో ముప్పై ఏళ్ళు అటెండరు. శవాన్ని తొట్టిలోంచి తియ్యడం, బల్ల మీద పడుకోబెట్టడం, సాయంత్రం తడిగుడ్డ కప్పడం ఆయన పని.

ఈ సంగతి తెలిసిన రోజు నుంచి సందులో ఆయన చేత్తో ఇచ్చిన టీ ఎవరూ తాగలేదు. పిన్ని తెచ్చిస్తే తాగేవాళ్ళు, ఆయన తెచ్చిస్తే కడుపులో బాలేదనేవాళ్ళు. కరెంటాఫీసు ఏఈ గొంతుతో ఫోన్లు చేసి, ఇన్‌స్పెక్షన్ ఉందని చెప్పి సందు మొత్తం చేత మీటర్లకి పసుపు రాయించి బొట్లు పెట్టించిన మొనగాణ్ణి నేను. నాకేం భయం అని అందరి ముందూ వెళ్ళి గ్లాసు అందుకున్నాను. గ్లాసు పెదవి దాకా వచ్చేసరికి పళ్ళు అంచుకి టకటక కొట్టుకున్నాయి. ఆయన చూశాడు.

"తాగు. చేతులు కడుక్కునే వచ్చాలే. ముప్పై ఏళ్ళ నుంచి కడుక్కుంటానే ఉన్నా" అన్నాడు.

మనిషి ఎదురుగా మాట్లాడుతుంటే ఆయన కళ్ళలోకి చూసేవాడు కాదు, బుగ్గల్ని చూసేవాడు. కొత్తవాళ్ళకి అది చాలా ఇబ్బందిగా ఉండేది. నాకైతే ఒంటి మీద చొక్కా లేనట్టు ఉండేది. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"ఏంది బాబాయ్, నా మొహం కొనుక్కుంటావా ఏంది?"

"కొన్నా ఏం చేసుకోను? ఏదేడ కదులుద్దో చూస్తన్నా. ఒంట్లో మిగతా కండలన్నీ ఎముకల్ని లాగుతయ్ రా. మొహం కండ తోలుని లాగుద్ది. పక్కనుంచి ఎవరూ లాగకుండానే తోలు కదిలిందంటే, లోపల మనిషున్నట్టు. మా హాల్లో అదొక్కటే ఉండేది కాదు."

మొహం దగ్గరికొచ్చేసరికి డాక్టరు పిల్లలకి చేతులు వణికేవట. కడుపు కోసేటప్పుడు జోకులేసుకునే వాళ్ళు కూడా మొహం మీద గుడ్డ తియ్యగానే నోరు మూసేవాళ్ళట. తోలు కింద కండ పొర అంత పల్చన. కాస్త లోతుగా వెళితే తోలుతో పాటే లేచి వచ్చేస్తుంది. అప్పుడు ఈయన వెనక నిలబడి, "నెమ్మదమ్మా, అది నవ్వు తాడు, తెగితే మళ్ళీ దొరకదు" అనేవాడట. వాళ్ళు నేర్చుకునే ఇంగ్లీషు పేర్లు ఆయనకి సగమే తిరిగేవి. అందుకని అన్నిటికీ సొంత పేర్లు పెట్టుకున్నాడు. చెంప ఎముక మీంచి మూతి కొసకి దిగేది నవ్వు తాడు. కంటి చుట్టూ తిరిగేది గాజు. పెదవుల చుట్టూ ఉండేది సంచి మూతికి కట్టే తాడు. బుగ్గ లోపలిది బూర కండ, ఊదడానికి. నుదుటిది దుప్పటి. నవ్వు తాడు పక్కన సన్నటి పోగు ఇంకొకటి ఉంటుందట, కొంతమందికి అసలు ఉండదట. "మా హెడ్ క్లర్కుకి ఉండుండదు" అన్నాడు, నవ్వకుండా.

పెళ్ళి ఫోటోలు చూపిస్తే వేలు పెట్టి చెప్పేవాడు. "ఈ పిల్ల నవ్వుతా ఉంది. ఈయన మూతి లాగి పెట్టాడు, గాజు కదల్లా." అది మా బావమరిది ఫోటో. నేను ఆ ముక్క ఊరంతా తిప్పాను.

నాలుగేళ్ళ కింద ఒక పొద్దున పళ్ళు తోముకుని నీళ్ళు పుక్కిలిస్తే, నీళ్ళు నా ప్రమేయం లేకుండా ఎడమ పక్క నుంచి కారిపోయాయి. అద్దంలో చూసుకున్నాను. ఎడమ సగం నాది కాదు. కన్ను మూతపడదు, మూతి కుడికి గుంజుకుపోయింది. మా ఆవిణ్ణి కేకేశాను, మాట ముద్దగా వచ్చింది. వంటింట్లోంచి ఓసారి చూసింది.

"పొద్దున్నే మొదలెట్టావా? ఉప్మా మాడుద్ది, నీ ఏషాలు తర్వాత చూస్తా."

సందులోకి వచ్చాను. అందరూ నవ్వారు. ఆటో ఆయన చప్పట్లు కూడా కొట్టాడు. అంత భయం నేను జన్మలో ఎరగను. మనిషి మునిగిపోతూ చెయ్యి ఊపుతుంటే ఒడ్డున ఉన్నవాళ్ళు తిరిగి చెయ్యి ఊపినట్టుంది. పరిగెత్తి చివరింటికి పోయాను. బాబాయి నవ్వలేదు. గడ్డం పట్టుకుని వెలుగులోకి తిప్పాడు.

"కనుబొమలు ఎత్తు."

ఎత్తాను. కుడివైపు ముడతలు పడ్డాయి. ఎడమ నుదురు ఇస్త్రీ చేసినట్టు అలాగే ఉంది. ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు.

"బతికావు. నుదురు కూడా పోయింది."

"నుదురు కూడా పోతే బతకటమేంది బాబాయ్!" అని ఏడ్చాను.

"ఏడవమాక, విను. మెదడు నుంచి నుదుటికి రెండు పక్కల్నుంచీ లైనుంటది. ఒకటి పోయినా రెండోది మోస్తది. మూతికి ఒకటే లైను. మెదట్లో దెబ్బ తగిలితే మూతి పోద్ది, నుదురు ఆగుద్ది. నీకు మొత్తం పోయింది. అంటే ట్రాన్స్‌ఫార్మర్ బానే ఉంది, నీ ఇంటికొచ్చే సర్వీసు వైరు పోయింది. చెప్పేది నేను, నేనేం డాక్టర్ని కాదు. పద, బండి తియ్యి."

ఆయనే వెనక కూర్చుని నా కన్ను తువ్వాలుతో కప్పి పట్టుకున్నాడు. డాక్టరు కూడా అదే అన్నాడు, నరం వాచిందని. మాత్రలు రాశాడు, కంట్లో చుక్కలు రాశాడు. కన్ను ఎండిపోకుండా సాయంత్రం కాగానే రెప్ప మీద ప్లాస్టర్ వేసేది బాబాయే. ఎవరెవరి మొహాల మీదో గుడ్డ కప్పి వచ్చిన వేళ్ళు నా రెప్ప మూసేవి. మొదటి రోజు ఒళ్ళు జలదరించింది. వారం గడిచాక ఆ వేళ్ళు ఎప్పుడొస్తాయా అని కూర్చునేవాణ్ణి.

పొద్దున టీకి ఆయన వరండాలో అద్దం పెట్టేవాడు. "బూర ఊదు. సంచి మూతి బిగించు. గాజు మూయి." మూడు వారాలు ఏమీ కదల్లేదు. ఇక ఇంతేనేమో అని నేను అద్దం బోర్లా పెట్టేస్తే, ఆయన మాట్లాడకుండా మళ్ళీ తిప్పి పెట్టేవాడు. నాలుగో వారంలో ఒక రోజు బుగ్గ మీద వేలు ఆనించి, "ఆగు, ఆగు" అన్నాడు. నాకేమీ తెలియలేదు, ఆయన వేలికి తెలిసింది. ఆయన మొహంలో గాజు కదిలింది. అది మాత్రం నేను చూశాను.

మొహం తిరిగొచ్చాక ఆ అలవాటు ఆటయింది. పొద్దున టీ తాగుతూ ఒకరు మొహం పెట్టాలి, రెండోవాళ్ళు ఏయే తాడు లాగారో, ఏది వదిలేశారో చెప్పాలి. ఓడినవాళ్ళు గ్లాసులు కడగాలి. ముప్పై ఏళ్ళు కదలని మొహాల మధ్య ఉన్న మనిషి, డెబ్భై దాటాక నా ముందు కోతి మొహం, పోలీసు మొహం, మా ఆవిడ మొహం పెట్టేవాడు. నా కన్నా బాగా పెట్టేవాడు. పిన్ని లోపల్నుంచి, "సిగ్గులేని మొహాలు" అని తిట్టేది.

ఆ రోజు కూడా టీ తాగుతున్నాం. ఆయన గ్లాసు ఎత్తాడు. ఎడమ పక్క నుంచి టీ బనీను మీద కారింది. మూతి కొస జారింది. నాకు నవ్వు ఆగలేదు. నా పాత మొహం పెట్టి నన్నే ఎక్కిరిస్తున్నాడు అనుకున్నాను.

"అబ్బో! ఎడమ నవ్వు తాడు వదిలేశావ్. సంచి తాడు సగం వదిలేశావ్. టీ కూడా కార్చావే, శభాష్!"

ఆయన నా వైపు చూశాడు. ఏదో అనబోయాడు, ముద్దగా ఏదో వచ్చింది. నేను తొడ చరుచుకుని నవ్వాను. అప్పుడు ఆయన రెండు కనుబొమలూ పైకెత్తాడు. నా కళ్ళలోకి చూస్తూ ఎత్తాడు. నుదుటి మీద ముడతలు ఈ చివర నుంచి ఆ చివరకి పడ్డాయి.

"ఓడిపోయావ్ బాబాయ్! నుదురు వదల్లా! మూతి పోయి నుదురు ఆగితే అది నా మొహం ఎట్టా అయిద్ది?"

ఆ మాట నా నోట్లోంచి వచ్చి నా చెవిలో పడింది. ఆయన ఎత్తిన కనుబొమలు దించలేదు. గ్లాసు ఎడమ చేతిలోంచి జారి పడిపోయింది.

ఎంతసేపు నవ్వానో నాకు తెలియదు. రెండు నిమిషాలో, అయిదో. కేకలేస్తే ఆటో ఆయన గుమ్మంలో నిలబడి, "ఈసారి ఏందిరా నాటకం?" అన్నాడు. వాళ్ళమ్మాయి మీద ఒట్టేస్తే గానీ కదల్లేదు. ఆసుపత్రిలో డాక్టరు అడిగాడు, మొదలై ఎంతసేపయింది అని. పక్కన పిన్ని ఉంది. "చూడగానే తెచ్చాం సార్" అన్నాను. ఆ తర్వాత గుంటూరు పంపించారు. నాలుగు రోజులు కళ్ళు తెరవకుండానే ఉన్నాడు.

పెద్దకర్మ అయ్యాక, వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక, ఆ ఇంటికి వెళ్ళాను. గుమ్మంలో రెండుసార్లు వెనక్కి తిరిగాను. పిన్ని వరండాలో కూర్చుని ఉంది. కూర్చోకుండానే చెప్పేశాను. నవ్విన సంగతి, తొడ చరుచుకున్న సంగతి, డాక్టరుతో అబద్ధమాడిన సంగతి. తిడుతుందని, తల బాదుకుంటుందని, సందంతా వినపడేలా ఏడుస్తుందని కాచుకుని నిలబడ్డాను.

"నవ్వు వినపడింది" అంది పిన్ని. "గోంగూర గిల్లుతున్నా. మీరిద్దరూ మొదలెట్టార్లే అనుకుని లేచి రాలా."

"నేనొచ్చేసరికి కళ్ళు మూతలు పడతన్నయ్. నన్ను చూళ్ళా. నిన్నే చూశాడు" అంది. కుర్చీ నా ఎదురుగా జరుపుకుంది. "ఎట్టా చూశాడో చూపిచ్చు."

"వద్దు పిన్నీ."

"ఊరందరికీ చూపిచ్చావు మొహాలు. నాకు చూపిచ్చు."

కింద కూర్చున్నాను. నాకు రోగం వచ్చినప్పుడు కూడా అంత భయపడలేదు. ఎడమ నవ్వు తాడు వదిలాను. సంచి తాడు సగం వదిలాను. పెదవి జారింది. రెండు కనుబొమలూ ఎత్తి ఆమె కళ్ళలోకి చూశాను. ఆమె ముందుకు వంగి చూస్తూ ఉండిపోయింది. నా నోట్లోంచి ఉమ్మి గడ్డం మీదికి జారుతోంది. తుడుచుకుంటే ఆ మొహం చెదిరిపోతుందని చెయ్యి కదపలేదు. పిన్ని కొంగు చివర పట్టుకుని నా గడ్డం తుడిచి, మళ్ళీ చూసింది.