స్టార్ట్ బటన్ లేని రిమోట్

మా చిన్నప్పుడు... వేసవి సెలవుల్లో విడవలూరులో మా ఇంట్లో టీవీ గేమ్ పెట్టామంటే, మొదటి రిమోట్ సునీతక్కది, రెండోది నాది. అందులో అప్పీలు లేదు.

అసలు తిరకాసు అక్కడే... ఆ రెండో రిమోట్‌కి స్టార్ట్ బటన్ ఉండదు. ఆట మొదలుపెట్టాలన్నా, మధ్యలో ఆపాలన్నా మొదటి రిమోట్‌తోనే. నాకేమో కుదురు తక్కువ. కూర్చున్న కాసేపటికే దాహం వేస్తుంది, వీధిలో ఐసుబండి గంట వినిపిస్తుంది... ప్రతిదానికీ "అక్కా, ఆపు" అని బతిమాలాలి. తను గెలుస్తుంటే ఒక పట్టాన ఆపేది కాదు. ఆపిందంటే మాత్రం, నేను వచ్చేదాకా రిమోట్ ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చునేది.

మొన్న, కృష్ణపట్నంలో ఉద్యోగం చేసే బావకి గుజరాత్ బదిలీ అయింది. ఇన్నేళ్ళూ బస్సెక్కితే వచ్చేంత దూరంలో ఉన్న అక్క, ప్రయాణానికి ముందు ఆదివారం చర్చి అయ్యాక ఒక్క పూట వస్తానంది.

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు కాలు నిలవలేదు. అటక మీది పాత రిమోట్లు దించాను. ఆనాటి గేమ్ ఎప్పుడో పాడైపోయింది, ఇవే మిగిలాయి. ఇప్పుడు టీవీకి తగిలించే చిన్న డబ్బాలో పాత ఆటలన్నీ వస్తున్నాయి కదా... అదొకటి కొన్నాను. మన పాత వైరు దానికి పట్టదు, మధ్యలో అడాప్టర్ కావాలి. అదీ తెప్పించాను.

ఆదివారం పొద్దున్నే కూర్చున్నాను. ఉప్పుగాలికి పిన్నులు చిలుము పట్టాయి. పెన్సిల్ రబ్బరుతో రుద్దితే మొదటి రిమోట్ పనిచేసింది. రెండోది పెట్టగానే తెర ఒక్కో బటనూ నొక్కమని అడిగింది. పైకి, కిందకి, కుడి, ఎడమ... తర్వాత స్టార్ట్ నొక్కమంది. లేనిదాన్ని ఎక్కడని నొక్కను?

వంటింట్లో అమ్మ చేపల పులుసు దించేసింది. అక్క బస్సు దిగానని ఫోన్ చేసింది. తెర మాత్రం స్టార్ట్ దగ్గరే మొండికేసింది. విసుగొచ్చి, పెద్దగా పనిలేని పక్క బటన్ ఒకటి నొక్కాను. సరేనంది. అంటే ఇన్నేళ్ళకి నాకూ స్టార్ట్ వచ్చింది... చెప్పొద్దూ, పొంగిపోయాను.

అన్నం తినగానే అక్క టీవీ ముందు కూర్చుని, అడక్కుండానే మొదటి రిమోట్ తీసుకుంది. ఆట మంచి పట్టులో ఉండగా అమ్మ నన్ను పిలిచింది. నా బొటనవేలు కొత్త స్టార్ట్ మీదే ఉంది. నోరు మాత్రం "అక్కా, ఆపు" అంది.

ఆపింది. నేను తిరిగొచ్చేసరికి రిమోట్ ఒళ్ళో పెట్టుకుని, అప్పటిలాగే కూర్చుని ఉంది. నాకు ఏడుపొచ్చింది.

సాయంత్రం బయట బావ కారు హారన్ మోగింది. అక్క లేస్తూ ఆట ఆపింది.

"ఆపినా మే. నేనొచ్చిందాకా తీసేయబాక."

"ఎప్పుడొస్తావక్కా?"

"వస్తాలే..." అని చెప్పులేసుకుంది.

అక్క వెళ్ళింది. ఆ డబ్బా ఇంకా వెలుగుతూనే ఉంది. కరెంటు బిల్లని అమ్మ గొణుగుతోంది. నేనేమో హాల్లోకి వెళ్ళిన ప్రతిసారీ రిమోట్ చేతిలోకి తీసుకోవడం, మళ్ళీ కింద పెట్టేయడం...

మీ ఇంట్లో మొదటి రిమోట్ ఎవరిది? వాళ్ళిప్పుడు ఎక్కడున్నారు? చెప్పండి, చదువుతాను.

అప్పుడు నా చేతిలో స్టార్ట్ లేక అక్కని బతిమాలేదాన్ని. ఇప్పుడు ఉంది... నొక్కబుద్ధి కావడం లేదు.