మావయ్య నిద్రపోలేదు

మా మావయ్య పోయిన సంగతి ఇంట్లోవాళ్ళకంటే ముందు నాకు రొయ్యల రైతుల వాట్సాప్ గ్రూపు చెప్పింది. మన సీనియర్ రైతు ఒకాయన పొద్దున్న కాలం చేశారండి అని ఎవరో పెట్టారు. ఎవరండీ అని ఇంకొకరు అడిగారు. "అదేనండి, చెరువు మీద నిద్రపోయి పంట పోగొట్టుకున్నాయన" అని జవాబు. దాని కింద వరసగా దండాలు. అంతలోనే అత్తయ్య ఫోన్ వచ్చింది. మేత చల్లించి ఇంటికొచ్చి, కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటూ కూలబడిపోయారట. ఆస్పత్రికి తీసుకెళ్ళే వ్యవధి కూడా ఇవ్వలేదు.

ముప్పై ఏళ్ళు చెరువు గట్టు మీదే బతికిన మనిషిని ఆ ఒక్క ముక్కతో గుర్తుపట్టారు. ఆ ముక్క అబద్ధం. అబద్ధమని తెలిసినవాళ్ళం ఇద్దరమే ఉండేవాళ్ళం. ఇప్పుడు నేనొక్కణ్ణే మిగిలాను.

ఆయన మా అమ్మకి అన్నయ్య. నేను భీమవరంలో ఇంట్లో కూర్చునే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను. ఉద్యోగం సంగతి అలా ఉంచండి, నా ప్రాణమంతా శని ఆదివారాల్లో సొంతంగా చేసుకునే ప్రాజెక్టుల మీదే. ఏ పనైనా దానంతటదే జరిగిపోవాలి, నేను కుర్చీలోంచి లేవకూడదు, అదీ నా సిద్ధాంతం. మొక్కలకి వాటంతటవే నీళ్ళు పోసే ఏర్పాటు చేశాను. గుమ్మంలోకి ఎవరొచ్చారో పేరు పెట్టి చెప్పే కెమెరా తయారుచేశాను. మా ఇంట్లోవాళ్ళు వాటికో దండం పెట్టి వదిలేశారు. మావయ్య ఒక్కరే ప్రతిదాన్నీ వచ్చి చూసి, ఇంతకీ ఇది చెరువు మీద పనికొస్తుందా అని అడిగేవారు.

అలా ఆయన చెరువు నా ప్రయోగశాల అయింది. మొదట కొంగల కెమెరా పెట్టాను. కొంగ వాలితే కెమెరా గుర్తుపట్టి హారన్ కొట్టాలి. ఏఐకి బోలెడు కొంగల ఫొటోలు చూపించి నేర్పాను. తొలిరోజు మావయ్య తెల్లపంచె, తెల్ల బనీనుతో గట్టెక్కారో లేదో హారన్ మోగడం మొదలెట్టింది. కూర్చుంటే ఆగుతుంది, లేస్తే మోగుతుంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన మాత్రం పడీపడీ నవ్వి, "దాని తప్పేముందిరా, నేనూ రొయ్యలు తినేవాణ్ణేగా" అన్నారు. ఆ ఆదివారమంతా ఎండలో నిలబడి నాకు ఫొటోలిచ్చారు. వంగుని ఒకటి, మేత బేసిను నెత్తిన పెట్టుకుని ఒకటి, పంచె ఎగ్గట్టి ఒకటి. తాను కొంగ కాదని ఒక మిషనుకి నచ్చజెప్పడానికి అంత ఓపిగ్గా నిలబడ్డ మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

నిజానికి ఆయనకి ఏ మిషనూ అక్కర్లేదు. నీళ్ళ రంగు చూసి చెరువు సంగతి చెప్పేవారు. మబ్బు పట్టిన రోజుల్లో నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది, ఏరియేటర్లు తిప్పి నీళ్ళని చిలక్కపోతే రొయ్య ఊపిరాడక చచ్చిపోతుంది. అలాంటి రోజుల్లో చుట్టుపక్కల రైతులు బండేసుకొచ్చి ఆయన్ని తమ చెరువులకి తీసుకెళ్ళేవారు. ఆయన దోసిట్లో నీళ్ళు తీసి కాసేపు చూసి, ఇవాళ ఏరియేటర్లు ఆపకండి అనో, ఫరవాలేదు అన్నం తినెళ్ళండి అనో చెప్పేవారు. దానికి ఆయన పుచ్చుకున్నది ఒక గ్లాసు టీ, కాస్త మర్యాద. ఆ మర్యాదంటే ఆయనకి చాలా ఇష్టం. పిలుపు వస్తే ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళేవారు.

తర్వాత నా పెద్ద ప్రాజెక్టు వచ్చింది. నీళ్ళలో ఒక సెన్సరు, షెడ్డులో ఒక బాక్సు. ఆక్సిజన్ తగ్గగానే ఏరియేటర్లు వాటంతటవే తిరుగుతాయి. ఒక పంట దివ్యంగా నడిచింది. రెండో పంటకి నేను వెళ్ళేసరికి షెడ్డు గోడ మీద బొగ్గుతో, బారెడు అక్షరాలతో బాక్సు పాస్‌వర్డు రాసుంది. దాని కింద 'ఇది ఎవరికీ చెప్పరాదు' అని కూడా రాశారు. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం ఒళ్ళు మండిపోయింది. నాకున్న ఇంకో పిచ్చి సెక్యూరిటీ. పనివాళ్ళ ఎదురుగుండానే ఆయన మీద అరిచాను. చదువుకోనివాళ్ళతో ఇదే గొడవ అన్నాను. అవును, ఆ మాటే అన్నాను.

ఆయన కోప్పడలేదు. "నాకేదన్నా అయితే చెరువు చూసేవాడికి తెలియద్దేంట్రా?" అన్నారు.

నేను వినలేదు. పాస్‌వర్డు తీసేసి వేలిముద్ర పెట్టాను. మామూలు స్విచ్చు పీకేసి, ఏరియేటర్ల మోటార్లు తిప్పే స్టార్టరుని ఇనపపెట్టెలో పెట్టి తాళం వేశాను. ఇక మనిషి తిప్పాలన్నా బాక్సు మీద వేలిముద్ర పడాల్సిందే. అయిదుసార్లు తప్పు వేలు పడితే అరగంటసేపు బాక్సు బిగుసుకుపోయేలా రాశాను. చెరువులో చల్లే సున్నంతోటీ ఉప్పునీళ్ళతోటీ ఆయన వేళ్ళు నున్నగా అరిగిపోయాయి. ఒక్కోసారి నా వేలు దానికి నచ్చట్లేదురా, బయట ఒక మామూలు స్విచ్చు పెట్టు అని రెండుసార్లు అడిగారు. స్విచ్చు పెడితే ఇక సెక్యూరిటీ ఎందుకు మావయ్యా, వేలు తుడుచుకుని సరిగ్గా పెట్టండి అన్నాను.

మూడురోజులు వదలకుండా మబ్బు పట్టింది. నాలుగోరోజు తెల్లారేసరికి సెన్సరుకి పాచి పట్టేసింది. ఆక్సిజన్ బాగానే ఉందని అది చెబుతోంది, బాక్సు దాన్ని నమ్మి కూర్చుంది. మావయ్య మాత్రం అప్పటికే గట్టు మీద ఉన్నారు. రొయ్యలు ఊపిరాడక ఒడ్డుకి చేరడం చూసి షెడ్డులోకి పరిగెత్తారు. తడివేలు పెట్టారు. పంచెకి తుడుచుకుని మళ్ళీ పెట్టారు. అయిదోసారికి బాక్సు బిగుసుకుపోయింది. నాకు ఫోన్ చేశారు. సైలెంట్‌లో పెట్టుకుని పడుకున్నాను. లేచి చూస్తే పదకొండు మిస్డ్ కాల్స్. చివరికి ఆయనే గునపం తెచ్చి పెట్టె పగలగొట్టి ఏరియేటర్లు తిప్పారు. అప్పటికే సగం చెరువు పోయింది. ఆ పొద్దుట నిద్రపోయింది నేను.

ఆ సాయంత్రం ఆయనతోపాటు మేతకొట్టు దగ్గరికి వెళ్ళాను. రైతులంతా అక్కడే టీ తాగుతారు. పక్కచెరువు రైతు, ఏమైందండీ బాబాయ్‌గారూ అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మావయ్య అందుకున్నారు. "ఏముందండి, బాక్సు ఆపేసి నేనే పడుకుండిపోయాను. ముసలాణ్ణయిపోయానండి." నేను టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను. వచ్చేటప్పుడు బండి మీద, ఎందుకలా చెప్పారు మావయ్యా అని అడిగాను. "నువ్వింకా పదిమంది చెరువులకి ఈ బాక్సులు పెట్టాల్సినవాడివి. నా మాటకేముందిరా, నాలుగురోజులు నవ్వుకుంటారు" అన్నారు.

నాలుగురోజుల్లో ఆగలేదు. నిద్రపోకండి బాబాయ్‌గారూ అనడం ఆ కొట్టు దగ్గర పలకరింపయిపోయింది. ఆయనా నవ్వేవారు. మబ్బు రోజుల్లో బండ్లు రావడం మానేశాయి. ఇస్త్రీ చొక్కాలు బీరువాలోనే ఉండిపోతున్నాయని అత్తయ్య ఒకసారి మామూలుగా అంది. నాకు గుచ్చుకుంది. గుచ్చుకుని ఊరుకుంది.

పంట పోయిన తర్వాతి వారమే బాక్సు బయట మామూలు స్విచ్చు పెట్టాను. పది నిమిషాల పని. సెన్సరు కడగమని గుర్తుచేసే మెసేజీ కూడా రాశాను. కొన్నాళ్ళకి ఒక ఇంజనీరింగ్ కాలేజీవాళ్ళు నా ప్రాజెక్టు గురించి మాట్లాడమని పిలిస్తే, మావయ్య చొక్కా ఇస్త్రీ చేయించుకుని ముందువరసలో కూర్చున్నారు. ఇది ఎప్పుడైనా ఫెయిలయిందా సార్ అని ఒక అమ్మాయి అడిగింది. నేను మావయ్య వైపు చూశాను. ఆయన తల దించుకుని పంచె అంచు సర్దుకుంటున్నారు. లేదమ్మా అన్నాను. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది ఆయనే. చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే రెండేళ్ళు గడిపేశాను. సిగ్గులేనివాడికి రేపులకి లోటేంటి.

పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక పక్కచెరువు రైతు నన్ను తన గట్టు మీదకి తీసుకెళ్ళాడు. ఆ బాక్సు తన చెరువుకీ పెట్టమన్నాడు. పోయిన నెల్లో కూడా మావయ్య చెప్పారట, బాక్సు బంగారమండి, తప్పంతా నాదే అని. ఇక నా వల్ల కాలేదు. పాచి పట్టిన సెన్సరూ, వేలిముద్రా, గునపం, పదకొండు ఫోన్లూ, అన్నీ చెప్పేశాను. నన్ను తిడతాడనుకున్నాను. తిడితే బావుండునని కూడా అనిపించింది.

 అతను అవతల మావయ్య చెరువు గట్టు వైపు చూపించాడు.

"మొన్న వానల్లో మా చెరువు తేడా చేసిందండి. ఏం చెయ్యాలో తోచలేదు. ఆయన అదిగో, అక్కడే ఉన్నారు. ఈయనకేం తెలుస్తుందిలే అని నేను పిలవలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకునొచ్చి మా వైపే చూస్తూ నిలబడ్డారండి. చీకటి పడేదాకా నిలబడ్డారు."